నెత్తిమీద కామా

ఇంగ్లిషును కాపాడే పని ఇంగ్లిషువాళ్ళకే వదిలేస్తే అది బతికి బట్టకట్టేలా లేదు. ఆ భారం ఇప్పుడు మన పోటీపరీక్షలు మోస్తున్నాయి. అనుమానముంటే అమెరికా రాజ్యాంగం తీసి చూడండి. మొదటి అధికరణం, పదో సెక్షన్. రాష్ట్రం ‘తన’ తనిఖీ చట్టాలను అమలు చేసుకోవడం గురించి చెబుతూ, ‘ఇట్స్’ అనే మాటలో టీకీ ఎస్‌కీ మధ్య, నెత్తిమీద ఒక కామా తగిలించారు. కామా ఉంటే ‘ఇట్ ఈజ్’ అని కదా మనకు ఆరో తరగతిలోనే తొడపాశం పెట్టి మరీ చెప్పింది! 1787లో జేకబ్ షాలస్ అనే గుమస్తా 30 డాలర్లు పుచ్చుకుని, తోలు కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ ప్రతి రాసిపెట్టాడు. ఇప్పటికీ వాషింగ్టన్‌లో అద్దాల వెనక భద్రంగా ఉంది, కామాతో సహా.

ఆ రోజుల్లో అలా రాయడం మామూలేనని పండితులు సర్దిచెబుతారు. అమెరికా అధ్యక్షుడిగా చేసిన జెఫర్సన్ ఉత్తరాల్లోనూ అదే తంతు. అయితే ఏంటి? మన అశోక్‌నగర్ కోచింగ్ సార్ల చేతిలో పడితే జెఫర్సన్‌కైనా ఎర్ర పెన్నే. బ్యాంకు పరీక్షలో అయితే పావు మార్కు కోత అదనం.

ఆ కామా పీకడం కూడా అంత తేలిక కాదు. ఉభయసభల్లో మూడింట రెండొంతుల మంది ఊఁ అనాలి, ఆపైన 38 రాష్ట్రాలు తలూపాలి. ఇప్పటికి 27 సవరణలు చేసుకున్నారు. మందు నిషేధించారు, మళ్ళీ తెరిచారు. కామా జోలికి మాత్రం పోలేదు.

‘ఈచ్ అదర్’, ‘వన్ అనదర్’ల సంగతీ అంతే. ఇద్దరైతే మొదటిది, అంతకు మించితే రెండోది అని మనం బట్టీపట్టాం. ఈ తేడాకు ప్రయోజనమూ లేదు, చరిత్రా లేదని ఇంగ్లండులో ఇంగ్లిషు వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే కొట్టిపారేశాడు. ఆయన మాట లండన్‌లో చెల్లుతుందేమో. ఇక్కడ బిట్ వస్తుంది: ముగ్గురు అన్నదమ్ములు ఒకరినొకరు ప్రేమించుకుంటారు. నిజంగానా, మరి పొలం గట్టు తగాదా ఏమైంది అని అడగకూడదు. తలలు లెక్కపెట్టి ఆప్షన్ బి కొట్టాలి.

‘ఎవరిని’ అనడానికి వాడే ‘హూమ్’ గురించి ఎక్కువ చెప్పను. వాళ్ళ నోళ్ళలో అది కొడిగట్టింది, మన ప్రశ్నపత్రాల్లో నిక్షేపంగా ఉంది.

నిజంగా పనికొచ్చే తేడా ఒకటుంది, ఒప్పుకోవాలి. ‘ఫ్యూ’ అంటే ఉన్నా లేనట్టే. ముందు ‘ఎ’ చేరిస్తే, ఫర్వాలేదు, కొన్ని ఉన్నాయి. ‘ద’ పెడితే ఉన్నవే ఆ కాసిని. దీన్ని పరీక్షలో అడిగి వదిలేయకుండా ఉద్యోగ నోటిఫికేషన్లలో కూడా పాటించాలని ప్రభుత్వాలకు నా విన్నపం. ‘ఫ్యూ పోస్టులు’ అని వేస్తే కుర్రాడు ఆ రాత్రే ఊరి బస్సెక్కుతాడు. ‘ఎ ఫ్యూ’ అంటే ఇంకో ఆర్నెల్లు హాస్టల్ ఫీజు కడతాడు. ‘ద ఫ్యూ’ అని పడితే, మిగతావి కోర్టులో ఉన్నాయని వాడికే అర్థమవుతుంది.