కొత్త కణాలు పుడితే మెమరీ పెరుగుతుందా? ఆ ఫార్వర్డ్‌కి జవాబు

ఈమధ్య తెగ తిరుగుతున్న ఫార్వర్డ్ ఒకటుంది కదా, "మెదడులో రోజూ వేల కొత్త కణాలు పుడతాయి, మనం నేర్చుకునే ప్రతిదీ వాటిల్లోనే స్టోర్ అవుతుంది, పరిగెత్తి కణాలు పెంచుకుంటే మెమరీ పెరుగుతుంది" అని. ఇందులో అంతా కల్పన కాదు, ఎలుకల మీద తేలినవాటిని సాగదీసి మనకి అంటగట్టారు.

మొదట ఆ "రోజూ వేలు" సంగతి. కుర్ర ఎలుకల్లో వేలల్లోనే పుడతాయి, నిజమే. మనుషుల్లో మాత్రం 2013లో స్వీడన్ టీమ్ వేసిన లెక్క ఒక్కో హిప్పోక్యాంపస్‌లో (జ్ఞాపకాలకి కీలకమైన మెదడు భాగం, కుడి ఎడమ వైపుల్లో ఒక్కోటి ఉంటుంది) రోజుకి 700 దాకా. ఎలా లెక్కేశారంటే, అణుబాంబు టెస్టుల టైంలో గాలిలో కార్బన్-14 (రేడియోధార్మిక రకం కార్బన్) బాగా పెరిగి తర్వాత మెల్లగా తగ్గింది, కణం పుట్టినప్పుడు ఆ మోతాదు దాని డీఎన్‌ఏలో ఉండిపోతుంది, దాన్ని కొలిస్తే కణం వయసు తెలిసిపోతుంది (బాంబులు ఇలా కూడా పనికొచ్చాయి మరి). 2018లో ఇంకో టీమ్ పెద్దవాళ్ళ మెదళ్ళలో అసలు కొత్త కణాలే కనపళ్ళేదంది, అదే ఏడాది వేరేవాళ్ళు 79 ఏళ్ళ వయసులోనూ ఉన్నాయన్నారు. 2025లో స్వీడన్ వాళ్ళే పెద్దవాళ్ళలో ఈ కణాలకి మూలమైన, విభజన చెందే కణాల్ని పట్టుకున్నారు, కాకపోతే కొందరిలో బాగానే ఉన్నాయి, కొందరిలో దాదాపు లేవు. కాబట్టి అందరికీ రోజూ వేలు అనేది ఉత్త మాట.

ఇక ప్రతిదీ కొత్త కణంలో స్టోర్ అవడం, ఇది శుద్ధ తప్పు. ఎలుకల్లోనే కొత్త కణం ఎదిగి మిగతావాటితో కనెక్ట్ అయ్యేసరికి వారాలు పడుతుంది, చాలావరకు ఈలోపే చచ్చిపోతాయి కూడా, మరి పొద్దున విన్న ఫోన్ నంబర్ సాయంత్రానికి ఎలా గుర్తుంటుంది? ముందునుంచీ ఉన్న కణాల మధ్య సినాప్సులు, అంటే అవి ఒకదానితో ఒకటి కనెక్ట్ అయ్యే చోట్లు, మారడం వల్ల. కొత్త కణాల పని వేరే, ఒకేలా ఉన్నవాటిని కలిపేసుకోకుండా చూడటం. 2009లో చిట్టెలుకల్లో కొత్త కణాలు పుట్టకుండా ఆపేసి టచ్‌స్క్రీన్ ముందు పెట్టారు, వెలిగే గడులు రెండూ దూరంగా ఉంటే ముక్కుతో కరెక్ట్ గడినే నొక్కాయి, దగ్గరకి జరిపేసరికి తడబడ్డాయి.

ఎక్కువ కణాలుంటే ఎక్కువ మెమరీ అనేవాళ్ళు మాత్రం 2014 టొరంటో ప్రయోగం చూడాల్సిందే. చిట్టెలుకలకి ఒక చోటంటే భయం నేర్పించి, ఆ తర్వాత పరిగెత్తే చక్రం ఇచ్చారు. పరిగెత్తినవాటిలో కొత్త కణాలు పెరిగాయి, నేర్చుకున్న భయం మాత్రం మర్చిపోయాయి! కొత్త కణాలు పాత సర్క్యూట్లలోకి దూరి కనెక్షన్లు మార్చేస్తాయని వాళ్ళ వివరణ. పసివయసులో ఈ కణాలు విపరీతంగా పుడతాయి కాబట్టే పసితనం గుర్తుండదేమో అని కూడా అన్నారు, నాకైతే మొత్తం టాపిక్‌లో ఇదే అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్.

పరుగు వద్దని కాదు. 2011లో పెద్ద వయసువాళ్ళు ఏడాదిపాటు నడిస్తే హిప్పోక్యాంపస్ సైజు 2 శాతం పెరిగింది, కానీ అది ఎమ్మారైలో కనిపించే సైజు, కొత్త కణాల కౌంట్ కాదు. బతికున్న మనిషిలో వాటిని నమ్మకంగా లెక్కపెట్టే స్కాన్ ఇంకా రాలేదు, అందుకే "మా ప్రోగ్రాంతో మీ బ్రెయిన్ సెల్స్ ఇంత శాతం పెరుగుతాయి" అని ఎవరైనా అంటే దేంతో కొలిచారో అడగండి.