షాద్‌నగర్ ప్లాటా, రెడింగ్ ఇంటి అప్పా?

మా బావమరిది నెలకోసారైనా ఫోన్ చేస్తాడు. "బావా, షాద్‌నగర్ దాటాక కొత్త వెంచర్ పడింది. ఇప్పుడు తీసుకుంటే తీసుకున్నట్టు, తర్వాత దొరకదు." ఇంగ్లండ్‌లో ఉంటున్న మనలో ఇలాంటి ఫోన్ రానివాళ్లు తక్కువే అనుకుంటా. నేను రెండుసార్లు వాడి మాట విన్నాను. మూడోసారి ఆ డబ్బు తెచ్చి రెడింగ్‌లోని మా ఇంటి అప్పు, అంటే మార్ట్‌గేజ్‌లో కట్టడం మొదలుపెట్టాను. వాడికి ఇప్పటికీ కోపమే. చాలామంది మనవాళ్లు ఈ పని ముందే చేయాల్సిందని నాకనిపిస్తుంది, నాతో సహా.

2017లో ఇల్లు కొన్నాం. అప్పు 2,80,000 పౌండ్లు, 30 ఏళ్ల గడువు, అయిదేళ్లు రేటు మారని ఫిక్స్‌డ్ డీల్, వడ్డీ 2.1 శాతం. నెలకు 1,049 పౌండ్లు పోతుంటే పెద్దగా తెలిసేది కాదు. ఆ తీరికలోనే రెండు ప్లాట్లు కొన్నాం. 2022 అక్టోబరులో డీల్ అయిపోయింది. కొత్త రేటు నెలల ముందే ఖాయం చేసుకోవచ్చని తెలిసి కూడా "ఇంకాస్త తగ్గుతుందేమో" అని ఆగాను. సెప్టెంబరు 23న ఇక్కడి ప్రభుత్వం పన్నుల కోతలతో మినీ బడ్జెట్ తెచ్చింది, దాంతో రేట్లు ఆకాశానికి ఎక్కాయి. చివరికి 5.6 శాతానికి రెండేళ్ల డీల్ దొరికింది. కిస్తీ 1,517 అయింది. మొదటి నెల అందులో 1,142 పౌండ్లు ఒక్క వడ్డీకే పోయాయి! అసలులో తగ్గింది 375. ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన పెద్దలు రుణశేషం, శత్రుశేషం ఉంచకూడదన్నారు. మాట పాతదే అయినా లెక్క ఇప్పటికీ సరిపోతుంది. అప్పటికి మాకు మిగిలిన బాకీ దాదాపు 2,44,700 పౌండ్లు, గడువు 25 ఏళ్లు. రేటు అలాగే ఉంటుందనుకుని నెలకు 300 పౌండ్లు అదనంగా కడితే ఆ అప్పు 17 ఏళ్ల 9 నెలలకే తీరుతుంది. వడ్డీలో 68 వేల పౌండ్లకు పైగా మిగులుతుంది. కట్టిన ప్రతి అదనపు పౌండూ నేరుగా అసలులో తగ్గుతుంది, ఆ రోజు నుంచీ దాని మీద వడ్డీ ఆగిపోతుంది. అంతకుమించి ఇందులో రహస్యం లేదు.

"ఆ డబ్బు సేవింగ్స్‌లో పెడితే వడ్డీ వస్తుంది కదా" అంటారు. 40 శాతం పన్ను కట్టేవాళ్లకు ఏడాదికి 500 పౌండ్ల వడ్డీ దాటితే పన్ను పడుతుంది. 5.6 శాతం అప్పు తీర్చడంతో సమానం కావాలంటే వాళ్లకు బయట 9 శాతం పైన రావాలి. అంత ఇచ్చే బ్యాంకు నాకెక్కడా కనిపించలేదు. ఐసా అనే ప్రత్యేక సేవింగ్స్ ఖాతా అయితే పన్ను లేదు నిజమే, కానీ అక్కడి రేటు మీ మార్ట్‌గేజ్ రేటు కన్నా ఎక్కువుందో లేదో చూసుకోండి.

ప్లాటు సంగతి కూడా చెప్పాలి. ధర పెరిగిందని మనం లెక్కేసుకునేది రూపాయల్లో. 2017లో పౌండుకు 85 రూపాయల చుట్టూ ఉండేది, తర్వాత వంద దాటింది. ఆ తేడా లాభంలోంచే పోతుంది. ప్లాటుకు అద్దె రాదు. అమ్మితే అక్కడ పన్ను ఉంటుంది, ఇక్కడ ఉంటున్నవాళ్లు ఇక్కడా లెక్క చెప్పాలి. కబ్జా అవుతుందేమోనన్న టెన్షన్ వీటికి అదనం. సొంతూళ్లో ఒక స్థలం ఉండాలన్న కోరిక వేరు, దాన్ని నేను కాదనను. పెట్టుబడి అని పేరు పెట్టుకుంటేనే నాకు అభ్యంతరం.

అయితే కళ్లు మూసుకుని కట్టేయకండి. కట్టిన డబ్బు అడిగితే చాలా బ్యాంకులు వెనక్కివ్వవు. ముందు క్రెడిట్ కార్డు బాకీలు తీర్చాలి, మూడు నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలి, పెన్షన్‌లో ఆఫీసువాళ్లు ఎంతవరకు జత వేస్తారో అంతవరకు మనమూ వేయాలి. ఇంకా వీసా మీద ఉన్నవాళ్లు వీసాతో పాటు ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ సొమ్ము ముందే దాచుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035, పిల్లలకు 776 పౌండ్లు. నలుగురున్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఫిక్స్‌డ్ డీల్‌లో చాలా బ్యాంకులు ఏడాదికి బాకీలో పది శాతం వరకే అదనంగా కట్టనిస్తాయి, దాటితే జరిమానా. అంత కట్టగలిగే స్థితిలో ఉన్నవాళ్లకు నా సలహా అవసరం లేదులెండి.

నేను చేసిన ఒక పొరపాటు. ఎనిమిది నెలలు అదనంగా కట్టాక చూస్తే, మా బ్యాంకు గడువు తగ్గించకుండా నెల కిస్తీ తగ్గిస్తూ వచ్చింది. ఫోన్ చేసి అడిగితే "మీరు చెప్పలేదు కదా" అన్నారు. మొదటి రోజే అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.

300 పౌండ్లు ఎక్కడి నుంచి వచ్చాయంటారా? మా ఆవిడ పుస్తకంలోంచి. ఆదివారం రాత్రి ఇద్దరం కూర్చుని వారం ఖర్చు రాస్తాం. మొదటి నెల గొడవతోనే సరిపోయింది. నా టేకవేలు, తన ఆన్‌లైన్ చీరలు, పిల్లల పుట్టినరోజులకు హాలు, రిటర్న్ గిఫ్టులు అన్నీ బయటపడ్డాయి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కు వచ్చినప్పుడల్లా వేరే రేట్లు అడగడం మొదలుపెట్టాం. అమ్మానాన్నలకు పంపే డబ్బు మాత్రం ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. బాగా పనికొచ్చింది కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇంటి మీద స్థానిక కౌన్సిల్‌కు కట్టే పన్ను. మేము పది వాయిదాల్లో కడతాం కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో కట్టేదేమీ ఉండదు. ఆ రెండు నెలల సొమ్ము నేరుగా మార్ట్‌గేజ్‌లోకి. 2024లో డీల్ మారి రేటు తగ్గినప్పుడు కూడా మేము పాత మొత్తమే కడుతున్నాం. చేతికి అలవాటైపోయింది.

మొన్న బావమరిది మళ్లీ చేశాడు, ఈసారి వెంచర్ కొత్తూరు దగ్గరట. వద్దని చెప్పి ఫోన్ పెట్టేసి పుస్తకం తెరిస్తే, వచ్చే ఫిబ్రవరి, మార్చి గళ్లలో మా ఆవిడ ఎర్ర సిరాతో "వంటగది" అని ముందే రాసి పెట్టుంది.