ఆటోట్యూన్‌పై మూడు అపోహలు

“ఆటోట్యూన్ వేస్తే ఎవరైనా గాయకులైపోతారు, యంత్రంలా వినిపించే గొంతే ఆటోట్యూన్, పాతవారికి ఇలాంటి సాయాలేవీ లేవు” అన్న మాట వాట్సాప్‌లో విరివిగా తిరుగుతోంది. ఆటోట్యూన్ అంటే పాడిన గొంతులోని శ్రుతి తప్పులను సవరించే సాఫ్ట్‌వేర్. పై మాటలో ఏ వాదనా నిలిచేది కాదు.

మొదటి వాదన సంగతి చూద్దాం. పాడిన స్వరం ఎంత ఎత్తున ఉందో లెక్కగట్టి, ముందుగా ఎంచుకున్న స్వరస్థానాల్లో దానికి దగ్గరున్నదాని వైపు జరపడమే ఈ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా చేసే పని. కాబట్టి అపస్వరం మరీ దూరం పోతే, పక్క స్వరమే దగ్గరై, తప్పు మరింత స్థిరపడుతుంది. ఊపిరి అందకపోవడాన్నీ, ‘ళ’ను ‘ల’గా పలకడాన్నీ, భావం లేకపోవడాన్నీ అది ముట్టుకోదు.

రెండవది పూర్తిగా తలకిందులు. సవరణ వేగాన్ని గరిష్ఠానికి పెంచితేనే గొంతు స్వరం నుంచి స్వరానికి జారకుండా గెంతుతుంది. 1998లో అమెరికన్ గాయని షేర్ పాడిన ‘బిలీవ్’ పాటలో కావాలనే అలా చేశారు. వేగం తగ్గించి పొదుపుగా వాడితే శ్రోతకు తెలియనే తెలియదు. అసలు ఆటోట్యూన్ అనేది 1997లో యాంటారెస్ సంస్థ తెచ్చిన సరుకు పేరు. దాన్ని రూపొందించిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూకంపన సంకేతాలను విశ్లేషించేవారు. ఏ యంత్రం తీసిన నకలునైనా మనం జిరాక్స్ అన్నట్టే, మెలొడైన్ వంటి వేరే పరికరాలతో చేసిన సవరణకూ వాడుకలో ఇదే పేరు స్థిరపడింది.

ఇక పాతకాలం. వాద్యబృందమంతా ఒకేసారి వాయిస్తుండగా పాడవలసిన రోజుల్లో ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చేదన్నది నిజమే, ఆ గాయకుల సాధనకు చేతులెత్తి మొక్కవలసిందే. అయితే గొంతునూ వాద్యాలనూ విడివిడిగా నమోదు చేసే మల్టీట్రాక్ రికార్డింగ్ వచ్చాక తప్పిన ముక్కను మాత్రమే మళ్ళీ పాడించి అతికించే ‘పంచింగ్’ మామూలైంది. స్వరం ఎత్తును మార్చగల ఈవెంటైడ్ హార్మొనైజర్ 1970ల నుంచే స్టూడియోల్లో ఉంది.

ఆటోట్యూన్‌ను తప్పుపట్టవలసిన చోటు వేరే ఉంది. కర్ణాటక సంగీతంలోని తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు, రిషభ మధ్యమాల నడుమ ఊగే గమకం. వేగం పెంచిన సవరణ ఆ ఊగులాటను మెట్లుమెట్లుగా నరికేస్తుంది, గాయకుడు సరిగ్గా పాడినా సరే. కనుక అలా పాట చెడినప్పుడు అడగవలసింది గాయకుణ్ణి కాదు, మిక్సింగ్ చేసినవారిని.