తుప్పు కనబడలేదు, కనుక లేదు

ఉక్కు కట్టడాల తనిఖీ నివేదికల్లో ఒక వాక్యం ఉంటుంది. గర్డరు (బరువు మోసే ఉక్కు దూలం) మారినా, స్తంభం మారినా, కింద సంతకం మారినా అది మారదు: "పెయింటు బాగుంది. తుప్పు కనబడలేదు." రాసినవారి నిజాయితీని శంకించకండి. నిజంగానే కనబడలేదు. తనిఖీకి వారం ముందు దాని మీద రెండు కోట్లు వేశారు మరి. (ఇక్కడ కోట్లంటే పొరలే. ఇంకో అర్థంలోని కోట్ల సంగతి మరోసారి.)

ఆ వారం రోజుల పని చూసి తీరాల్సిందే. పెచ్చులు రాలగొట్టడం, గరుకు రేణువులను జోరుగా కొట్టే బ్లాస్టింగ్ చేసి, ఉపరితల శుభ్రతకు ప్రమాణమైన ఐఎస్ఓ 8501-1 చెప్పే ఎస్ఏ 2½ స్థాయికి, అంటే దాదాపు మెరిసేదాకా, లోహాన్ని తేవడం లాంటి మొరటు పనులు అక్కడ జరగవు. వైర్ బ్రష్ పట్టుకుని ఒక ఫొటో దిగుతారు. ఆ తర్వాత డబ్బా మూత తీస్తారు. పెచ్చు మీద పెయింటు, దుమ్ము మీద పెయింటు, పక్షి రెట్ట మీద పెయింటు, సాలెగూడు మీద పెయింటు, పారిపోవడం చేతకాకపోతే సాలీడు మీద కూడా పెయింటు. నట్టు, వాషరు, పాత తుప్పు అన్నీ కలిసి ఒకటే ముద్ద. లోపలి నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన కన్నం ఒకటి మిగిలిపోతే, చూడ్డానికి బాగోదని కుంచె మొనతో రెండు పోట్లు పొడిచి దాన్నీ పూడుస్తారు. ఉక్కు ఉష్ణోగ్రత మంచుబిందు స్థానానికి (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతకు) కనీసం 3 డిగ్రీల పైన ఉంటేనే కుంచె ముట్టాలన్న నియమం డబ్బా మీదుంటుంది. డబ్బా మీద రాసింది చదవడానికి డబ్బా ఖాళీ అయ్యాక తీరిక దొరుకుతుంది. చివరికి గర్డరు పక్కన స్టెన్సిల్ పెట్టి, తెల్ల రంగుతో "పెయింటు వేసిన తేదీ" రాస్తారు. మొత్తం పనిలో కింద శుభ్రంగా తుడిచి, గీత కొట్టి, ఆరనిచ్చి వేసింది ఆ తేదీ ఒక్కటే.

తుప్పు ఈ మర్యాదకు పొంగిపోతుంది, అక్షరాలా. ఉక్కు తుప్పుగా మారితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. రెండు ప్లేట్ల సందులో చిక్కితే, బోల్టుకూ బోల్టుకూ మధ్య ప్లేటునే ఉబ్బిస్తుంది. పెయింటు కింద ఉప్పు మిగిలిపోయిందా, అది పొర గుండా నీటిని లోపలికి లాక్కుని బొబ్బ కడుతుంది. ఆ బొబ్బ కోసి చూస్తే కింద తరచుగా నల్లటి తుప్పు, కాసేపటికి ఎర్రబడుతుంది. సిగ్గుతో కాదు, గాలి తగిలి.

కంటిని నమ్మనివాళ్లకు మీటర్లున్నాయి. ఆరిన పెయింటు పొర మందం చూసే డీఎఫ్‌టీ (డ్రై ఫిల్మ్ థిక్‌నెస్) మీటరు అయస్కాంత సూత్రం మీద పనిచేస్తుంది. ప్రోబు కొన నుంచి ఉక్కు దాకా ఎంత దూరమో చెబుతుంది. మధ్యలో ఉన్నది పెయింటా తుప్పా అన్నది దానికి పట్టదు. ఉండాల్సింది 250 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు. చుట్టూ 260, 270 వస్తుంటే ఒక్కచోట 900. నివేదికలో ఏం రాస్తారు? "మందం తగినంత ఉంది." పైన పటారం కొలిచామనుకుని లోన లొటారాన్ని కూడా కలిపి కొలిచారు.

ప్లేటు మందం చూసే అల్ట్రాసోనిక్ మీటరు దగ్గర ఇంకా పెద్ద మాయ ఉంది. ధ్వని ఉక్కులో సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. పెయింటులో అందులో సగం కూడా పోదు, 2,400 దరిదాపుల్లో ఉంటుంది. మీటరు కొలిచేది ధ్వని వెళ్లి తిరిగొచ్చే కాలాన్ని. ఆ కాలమంతా ఉక్కులోనే గడిచిందని నమ్మి లెక్క కడుతుంది. అంటే, ఏళ్లుగా పేరుకున్న 0.6 మిల్లీమీటర్ల పెయింటు దాని దృష్టిలో సుమారు 1.5 మిల్లీమీటర్ల ఉక్కు. 10 మిల్లీమీటర్ల ప్లేటు తుప్పు తిని 8.5కు దిగింది. మీటరు చూపించేది 10. పోయినదాన్ని పెయింటు అణాపైసలతో పూడ్చేసింది! దీనికి మందు చాలా మీటర్లలో ఒక బటన్ దూరంలోనే ఉంది: ఎకో-టు-ఎకో. ప్లేటు వెనక ముఖం నుంచి వరసగా వచ్చే రెండు ప్రతిధ్వనుల మధ్య కాలాన్నే అది తీసుకుంటుంది కాబట్టి పెయింటు లెక్కలోంచి తప్పుకుంటుంది. వెనక ముఖం బాగా గుంటలు పడి ఉంటే రెండో ప్రతిధ్వని అందకపోవచ్చు. అప్పుడు పెయింటు గీకి కొలవడమే.

పెయింటు ఉక్కును వదిలేసి లేచిన చోట ధ్వని దాటదు, రీడింగే రాదు. రోగం అక్కడే ఉందని మీటరు నోరు తెరిచి చెప్పినంత పని. మనవాళ్లు మాత్రం ధ్వని దాటడానికి రాసే జెల్ ఇంకాస్త రాసి, ప్రోబును రెండంగుళాలు పక్కకు జరుపుతారు. అక్కడ వస్తుంది. రాసుకుంటారు. రోగి నాడి అందలేదని పక్కనున్నవాడి చెయ్యి పట్టుకున్నట్టు.

ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా ఉంది. ఉపరితలాన్ని కాస్త వేడిచేసి చూస్తే, పొర లేచిన చోట వేడి లోపలికి దిగక మచ్చలా తేలుతుంది. మంచి పద్ధతే. ప్రస్తుతానికి నివేదికకు రంగుల అట్టగా సేవలందిస్తోంది.

ఇంత సరంజామా లేకుండానే చాలావరకు దొరుకుతుంది. టార్చిని ఉపరితలానికి దాదాపు ఆనించి ఏటవాలుగా వెయ్యండి, బొబ్బకు నీడ పడుతుంది. అరచేత్తో తడమండి. చిన్న సుత్తితో తట్టండి: గట్టి ఉక్కు ఖంగుమంటుంది, లేచిన పొర బోలుగా పలుకుతుంది. అందంగా నునుపుగా ఉన్న గర్డరు నడుమ కాదు వెతకాల్సింది. కింది ఫ్లాంజ్ (గర్డరు అడుగున అడ్డంగా ఉండే పట్టీ) మీద దుమ్ము పేరుకునే చోట, భాగాలను కలిపే గస్సెట్ ప్లేట్ల మూలల్లో, కారే జాయింటు కింద గర్డరు ఆనే బేరింగు దగ్గర, స్తంభం కాంక్రీటులోకి దిగే మెడ దగ్గర, పెయింటు ఎప్పుడూ పల్చబడే పదునైన అంచుల మీద. అనుమానమున్న చోట అరచేయంత మేర మెరిసే లోహం దాకా గీకి, గుంట లోతు కొలిచి, మళ్లీ ప్రైమరు, కోట్లు పద్ధతిగా వేసి మూసెయ్యాలి.

అలా గీకినవాడికి వచ్చే బహుమతి: "కొత్త పెయింటును పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వగలరు."

పెయింటు పాడైందట! కింద ప్లేటు పాడైతే అడిగే దిక్కు లేదు కానీ, పైన రంగు పాడైతే కాగితం రెక్కలు కట్టుకుని వస్తుంది. 1983 జూన్ 28న అమెరికాలోని కనెక్టికట్‌లో మయానస్ నది వంతెనలో ఒక భాగం (స్పాన్) అర్ధరాత్రి దాటాక ఊడి కిందపడింది. ఆ స్పాన్‌ను వేలాడదీసే హ్యాంగర్ ప్లేటు, దాన్ని పట్టే పిన్ను కలిసే చోట సందులో తుప్పు పెరిగి పెరిగి, ప్లేటును పిన్ను మీంచి పక్కకు నెట్టేసింది. నీళ్లు పోయే డ్రెయిన్లను అంతకు ముందే పూడ్చేశారు. ముగ్గురు చచ్చిపోయారు. కుంచె మొనతో కన్నం పూడ్చేవాడికి ఈ సంగతి ఎవడూ చెప్పడు. పూడ్చినందుకు బిల్లు మాత్రం పాసవుతుంది. చూడకపోవడానికి "కనబడలేదు" అని పేరు పెట్టి సంతకం చేసేవాళ్లు ఆ గర్డరు కిందే కుర్చీ వేసుకుని రోజూ కూర్చోవాలి, పెయింటు ఆరేదాకా కాదు, రిటైరయ్యేదాకా.

సంజాయిషీ అడిగిన కాగితం వెనక చాలా చోటుంటుంది. అక్కడే రాసి పంపవచ్చు: గీకిన మేర 50 × 50 మిల్లీమీటర్లు. ప్లేటు అసలు మందం 10. మిగిలింది 6.2. పైన పెయింటు 0.6. మీరన్నది నిజమే సార్, పెయింటు చాలా బాగుండేది.