అరుగులు ఖాళీ అయ్యాక

దొంగతనాలు పెరిగితే కాలనీవాళ్లు ఏకమవుతారని ఒక వ్యాసంలో చదివాను. మా తిరుపతి వీధిలో నేను చూసింది వేరు. రెండేళ్ల కిందట పక్కింటి పెద్దమ్మ మెడలో గొలుసు తెంపుకుపోయారు. అప్పటినుంచి సాయంత్రాలు అరుగుల మీద ఎవరూ కూర్చోవడం లేదు. గ్రిల్స్, సీసీ కెమెరాలు మాత్రం వచ్చాయి. ఎదురింట్లో అద్దెకు దిగినవాళ్ల పేరు కూడా నాకు తెలియదు (సిగ్గుగానే ఉంది).

షికాగోలో 343 పేటలను పరిశీలించి, ఇరుగుపొరుగు మీద నమ్మకం, అవసరమైతే కలగజేసుకునే తత్వం ఉన్నచోట హింస తక్కువని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం 1997లోనే చెప్పింది. ఊరెళ్లేటప్పుడు తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెబితే ఇంట్లో కెమెరా పెడతారు, మంచిదే. కానీ గంగమ్మ జాతర రోజుల్లో వీధి నిండా జనం. అప్పుడు మాత్రం మా అమ్మ తలుపు తీసే ఉంచుతుంది.