ఐదు చీటీలు

జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం. ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ వనభోజనాలూ దాదాపు అప్పుడే కాబట్టి ఏదైనా చేద్దామని కమిటీలో అనుకున్నాం. బ్యానర్, ముఖ్య అతిథి, స్లైడ్ షో అన్నారు. బిర్యానీ ట్రేలు తెరిచాక స్లైడ్ షో ఎవరు చూస్తారండీ?

2016లో డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే వైద్యసహాయ సంస్థ అమెరికాలో ఊరూరా ఒక ప్రదర్శన తిప్పింది. ఇల్లు వదిలి పారిపోతున్నట్టు, లోపలికి వెళ్ళినవాళ్ళు గబగబా ఐదు వస్తువుల కార్డులు ఏరుకోవాలి. ఆ తర్వాత దారిలో ఒక్కొక్కటే వదులుకుంటూ పోవాలి. వెంట ఉండి నడిపించింది ఆ సంస్థలో సహాయ పనులు చేసి వచ్చినవాళ్ళే. మనకి అంత హంగు అక్కర్లేదు. భోజనాల లైను చాలు, ఎలాగూ అరగంట నిలబడతాం.

చీటీలు ఇంటికి ఐదు, మనిషికి కాదు. డిగ్రీ సర్టిఫికెట్లు, అమ్మమ్మ నానుతాడు, నాన్నగారి షుగర్ మాత్రలు, పిల్లాడి ఇన్‌హేలర్, ఫోన్, ఆవకాయ జాడీ... ఇలా ఇరవైలోంచి ఐదు. (జాడీ ఎవరు పట్టుకుంటారో మా ఇంట్లో ఇప్పటికే తేలిపోయింది.) మొదటి మలుపులో నానుతాడు పడవవాడికి. రెండో మలుపులో సంచీ తడిసింది, కాగితాలు పోయాయి. సర్టిఫికెట్లు లేని ఇంజనీరు గతి ఏమిటో మనవాళ్ళకి వేరే చెప్పాలా?

చివరి చీటీ అందరికీ ఒకటే: "మీ విమానం టికెట్టు అప్పు. వడ్డీ లేదు, కానీ తిరిగి కట్టాలి." అమెరికాకి వచ్చిన శరణార్థులకి టికెట్లు నిజంగా ఇలాగే ఇచ్చేవారు. "మనం లైన్లో నిలబడి వచ్చాం, వాళ్ళు ఊరికే వచ్చారు" అనే మాట మన పార్టీల్లో నేను చాలాసార్లు విన్నాను. ఇంటర్వ్యూలు, వేలిముద్రలు, మెడికల్ పరీక్షలు దాటడానికి వాళ్ళకీ ఏళ్ళు పట్టేది. ఏడాదికి ఎంతమంది శరణార్థుల్ని రానివ్వాలో అమెరికా ప్రభుత్వం పెట్టే పరిమితి 2025కి 1,25,000 ఉంటే, 2026కి 7,500గా ప్రకటించారు. గ్రీన్‌కార్డు లైను కదలకపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం మనం.

పైగా ఇది మనకి పరాయి కథేం కాదు. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక, లక్షలమంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. చాలామంది కొండలూ అడవులూ నడిచి దాటారు, ఎందరో దారిలోనే పోయారు. వాళ్ళలో తెలుగు కూలీలున్నారు. 1962లో అక్కడ సైన్యాధిపతి నె విన్ అధికారంలోకి వచ్చాక ఇంకో విడత వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. అప్పట్లో వాళ్ళని కాందిశీకులన్నారు. లైను చివర బోర్డు మీద ఆ దారి మ్యాపు పెడదాం.

ఒక్క విన్నపం. ఉత్తుత్తి ముళ్ళకంచె, టెంటు ముందు సెల్ఫీలు వద్దు. శరణార్థి కుటుంబాన్ని స్టేజీ ఎక్కించి ఏడిపించడం అసలే వద్దు. చీటీల మీద ఏముండాలో వాళ్ళనే అడుగుదాం, వాళ్ళ టైముకి డబ్బిద్దాం.

ప్లేటు అందుకునే చోట హుండీకి బదులు ఒక షీటు. ఇప్పటికే ఇక్కడికి చేరి సర్దుకుంటున్న కుటుంబాలకి డ్రైవింగ్ నేర్పడానికో, పిల్లల్ని స్కూల్లో చేర్పించడానికో ఏ శనివారం వస్తారో రాయాలి. మనల్ని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకుని, రైస్ కుక్కర్ కొనిపించి, బ్యాంకు అకౌంటు తెరిపించిన సీనియర్ ఒకడుంటాడు కదా, అదే పని. షీటు దగ్గర నేను కూర్చుంటాను. ఇంకో ఇద్దరు కావాలి.