ఉడుత సాయం, ఆరు గీతలు

కెన్యా దేశపు పరుగు పందేలకు నేను చేసిన సేవ గురించి ఇంతవరకు ఏ పత్రికా రాయలేదు. రాసే సూచనలు కూడా కనబడటం లేదు. కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

ఇటెన్ అనే చిన్న ఊరు కెన్యా పశ్చిమాన, రిఫ్ట్ లోయ అంచున, 2400 మీటర్ల ఎత్తున ఉంది. దాదాపు మూడు తిరుమల కొండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు. ఛాంపియన్ల ఊరికి స్వాగతం అని ఊరి ముందు కమాను కట్టి మరీ రాసుకున్నారు. గొప్పలేం కాదు. 2019లో వియన్నాలో 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తిన ఎలియుడ్ కిప్చోగే ఆ పక్క నందీ జిల్లా మనిషే. అలాంటి నేల మీద ఒక ప్రాథమిక పాఠశాలలో స్పోర్ట్స్ డేకి వాలంటీర్లు కావాలని ఒక ఏజెన్సీ ప్రకటించింది. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా కుర్చీలోంచి లేవకుండా పనిచేస్తున్న నేను వెంటనే దరఖాస్తు పెట్టాను. ఫీజు కూడా కట్టాను. ఉచిత సేవకి ఫీజేమిటని మా అమ్మ అడిగింది. పల్లెటూరి మనిషి, పాపం, అంతర్జాతీయ సేవ ఆమెకేం తెలుస్తుంది!

నా అర్హతలు కూడా చెప్పాలి. నేను చదివిన స్కూల్లో మైదానమంటే సెల్లార్. స్కూటర్లు పక్కకు జరిపితే కబడ్డీ, జరపకపోతే డ్రిల్లు. ఆ డ్రిల్లు పీరియడు కూడా లెక్కల సారే తీసేసుకునేవారు. స్పోర్ట్స్ డే ఫంక్షన్ హాల్లో చేసేవాళ్లు. డ్యాన్సులు, శాలువాలు, ముఖ్య అతిథి గంటన్నర ప్రసంగం, అన్నీ ఉండేవి. పరిగెత్తడం ఒక్కటే ఉండేది కాదు. ఇంత అనుభవం ఉన్నవాడిని ఇటెన్ వదులుకోగలదా?

మొదటిరోజు ఉదయం పిల్లలకు వార్మప్ అంటే ఏమిటో వివరించాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు. ఇంటి నుంచి బడికి పరుగెత్తుకుంటూ వచ్చి అప్పటికి పది నిమిషాలే అయిందట. ఎలాగో చూపించాలి కదా అని నేనే మైదానం చుట్టూ ఒక రౌండు మొదలుపెట్టాను. ఆ ఎత్తులో పీల్చే ప్రతి శ్వాసలోనూ సముద్రతీరంతో పోలిస్తే ఆక్సిజన్ పావు వంతు తక్కువ. సగం దూరం వెళ్లేసరికి నా నోటి నుంచి ఈల శబ్దం రావడం మొదలైంది. పిల్లలు పక్కనే నడుస్తూ "పోలే పోలే" అన్నారు. స్వాహిలీలో ఆ మాటకి మెల్లగా, మెల్లగా అని అర్థం. నాకు మాత్రం అచ్చ తెలుగులోనే వినపడింది. నిజమే, పోలే.

శరీరం సహకరించనప్పుడు మెదడుతో సేవ చేయాలి. ట్రాక్ గీసే పని తీసుకున్నాను. వారధి కట్టడానికి సాయపడ్డ ఉడుతకి వీపు మీద మూడు గీతలు దక్కాయి. నేను ఏకంగా ఆరు వరసలు గీశాను, అదీ సున్నంతో, అదీ ఒక్క పూటలో. కొంచెం వంకరగా వచ్చిన మాట వాస్తవమే. ఎర్రమట్టి మీద తెల్లటి సున్నం ఫొటోలో ఎంత బాగుంటుందో మాత్రం చెప్పలేను. ఆరింటికీ పరుగు మొదలయ్యే గీత అడ్డంగా ఒకటే గీసి, సమానత్వం అంటే ఇదీ అని మురిసిపోయాను.

అప్పుడు ఐదో తరగతి పిల్ల ఒకతె వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగింది: "సార్, బయట వరసలో పరిగెత్తేవాళ్లు ఏం తప్పు చేశారు?"

వరస వెడల్పు 1.22 మీటర్లయితే, రౌండు పూర్తయ్యేసరికి ఒక్కో వరస బయటికి జరిగినకొద్దీ ఏడున్నర మీటర్ల పైచిలుకు దూరం పెరుగుతుంది. అందుకే బయటివాళ్లని ముందుకు జరిపి నిలబెడతారు. నా సమానత్వంలో ఆరో వరస పిల్లాడికి 400 మీటర్ల పందెం 438 మీటర్లయింది. వృత్తం చుట్టుకొలతకి వాడే 2π లెక్క నేను ఇంజనీరింగ్‌లో చదివాను. పాసయ్యాను కూడా. ఆ పిల్ల చదవలేదు, పరిగెత్తింది. వాచ్‌మన్ ఏమీ అనకుండా ఒక మేకు, ఒక తాడు తెచ్చి, మలుపులన్నీ మళ్లీ గీశాడు.

ఇక్కడ ఇంకొకరి సంగతి చెప్పాలి. ఐర్లండ్ నుంచి బ్రదర్ కోల్మ్ ఓకానెల్ అనే ఆయన 1976లో ఇదే ఇటెన్‌కి వచ్చాడు. సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్లో భూగోళం చెప్పే మేస్టారు. అప్పటికి కోచింగ్‌లో ఆయనకీ నాలాగే ఓనమాలు రావు. ఆయన చేతికింద తయారైన డేవిడ్ రుడీషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టాడు. బాగానే ఉంది. కానీ ఎంతకాలం పట్టింది? 36 ఏళ్లు. నేను మొత్తం సేవని 14 రోజుల్లో ముగించి, మధ్యలో సఫారీకి కూడా వెళ్లొచ్చాను. పైగా ఆయనకి రిటర్న్ టికెట్ కూడా లేనట్టుంది, ఇటెన్‌లోనే ఉండిపోయాడు.

స్పోర్ట్స్ డే బ్రహ్మాండంగా జరిగింది. నేను తీసుకెళ్లిన పతకాలు మా కంపెనీలో మిగిలిపోయినవి. వాటి మీద "మూడో త్రైమాసికపు ఉత్తమ ఉద్యోగి" అని ఇంగ్లిషులో ఉంది. హెడ్మాస్టర్ గారు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, థాంక్స్ చెప్పి, బీరువాలో భద్రం చేశారు. పిల్లలకి నోటు పుస్తకాలు, పెన్నులు ఇచ్చారు.

చివర్లో టీచర్లకీ అతిథులకీ పందెం పెట్టారు. వంటావిడ కూడా చెప్పులు విప్పి వచ్చింది. నేను గీత దాటేసరికి చప్పట్లు మోగిపోయాయి. మిగతావాళ్లు అప్పటికే టీ తాగుతున్నారు.

ఆ రోజు సర్టిఫికెట్ వచ్చింది నాకొక్కడికే, ఏజెన్సీ వాళ్లు ఇచ్చారు. ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"స్పోర్ట్స్ డే అని ఉందిరా! నువ్వు కూడా పరిగెత్తావా? ఎన్నోవాడివి వచ్చావు?"

"పద్నాలుగు" అన్నాను.

"ఎంతమందిలో?" అంది.